ముందు ఎవరు నడిచారో చెప్పండి

నమస్తే.

జావా, కోట్లిన్ అనే రెండు ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలు ఒకే ప్రాజెక్టులో కలిపి వాడితే మీకొచ్చిన ఎర్రర్ మీద మీ వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ “క్లీన్ చేసి మళ్ళీ బిల్డ్ చేస్తే ఎర్రర్ పోయింది” అన్నారే, అక్కడ ఒళ్ళు మండింది. అది దానంతటదే పోలేదండీ, మీరే పోగొట్టారు. అంతకు ముందు పేరాలో “ఈలోగా గెట్టర్ చేత్తో రాసి చూశాను” అని మాటవరసకి అనేసి దాటిపోయారు. అసలు కథ ఆ గెట్టర్‌దే, అంటే క్లాసులోని విలువని తెచ్చిచ్చే ఆ చిన్న ఫంక్షన్‌దే!

జావా పేరెంట్ క్లాసు, దాన్నించి పుట్టిన కోట్లిన్ క్లాసు, దాన్నించి మళ్ళీ జావా. ఇలాంటి వరస గురించి రాసేటప్పుడు ఏ కంపైలర్ (కోడ్‌ని నడవగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రాం) ముందు నడుస్తుందో చెప్పందే ఇంకో వాక్యం రాయకండి. ఇక్కడ ముందు నడిచేది కోట్లిన్ కంపైలర్. జావా ఫైళ్ళను అది సోర్సుగానే చదువుతుంది. మీ గెట్టర్‌ని మీ బదులు పుట్టించే లాంబాక్ అనే లైబ్రరీ పనిచేసేదేమో ఆ తర్వాత, జావా కంపైలర్ నడిచేటప్పుడు. లేని గెట్టర్ కోట్లిన్‌కి ఎలా కనిపిస్తుంది? అందుకే ‘అన్‌రిజాల్వ్డ్ రెఫరెన్స్’, అంటే ‘ఈ పేరు నాకు దొరకలేదు’ అన్న ఎర్రర్. పేరెంట్ క్లాసుని వేరే మాడ్యూల్‌లో, అంటే విడిగా కంపైలయ్యే భాగంలో పెట్టినా సరిపోయేది. ముందే కంపైలై, గెట్టర్‌తో సహా క్లాస్ ఫైలుగా అందేది. జావాతో కలిపి వాడే ఇంకో లాంగ్వేజి గ్రూవీలో వరస వేరు. అక్కడ ముందు గ్రూవీ క్లాసులకి జావా స్టబ్‌లు, అంటే లోపల అసలు కోడ్ లేని డొల్లలు తయారవుతాయి, వాటిని చూసి జావా కంపైలవుతుంది, అసలు గ్రూవీ ఆఖర్న. మీరు రెండింటినీ ఒకే గాటన కట్టారు.

ఇక మీరు వ్యాసంలో పెట్టిన స్క్రీన్‌షాట్. అందులో ఉన్నది ‘కంపైలేషన్ ఎర్రర్, సీ లాగ్ ఫర్ మోర్ డీటెయిల్స్’ ఒక్కటే. దాన్నిబట్టి ఎవరికేం తెలుస్తుంది? బొమ్మ పెడితే వ్యాసం నిండుగా కనిపిస్తుందని ఈమధ్య అందరికీ ఓ నమ్మకం.

అసలు మెసేజ్ లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కోట్లిన్‌లో ‘ఓపెన్’ అని రాయని మామూలు క్లాసు ఫైనలే, అంటే దాన్నించి ఇంకో క్లాసు పుట్టించడానికి వీల్లేదు. దాన్ని జావాలో ఎక్స్‌టెండ్ చేయబోతే జావా కంపైలర్ ‘కెనాట్ ఇన్‌హెరిట్ ఫ్రమ్ ఫైనల్’ అంటుంది. దీని మీద నేనోసారి రాస్తే, పాఠకులు బెదిరిపోతారని ఎడిటర్‌గారు ఆ మెసేజ్‌నే కోసేశారు. నేను వేసిన జోకు మాత్రం భద్రంగా ఉంచారు. “ఇంతకీ మీకొచ్చిన ఎర్రర్ ఏంటండీ” అని ఉత్తరాలొచ్చాయి. ఆయనకి చూపిస్తే నవ్వి ఊరుకున్నారు. నాకింకా కోపం తగ్గలేదు.

ఎక్కడికి పంపాలని అడిగారు. ముందు తిరగరాయండి. లాగ్‌లోని మొట్టమొదటి ఎర్రర్‌ని ఫైలు పేరు, లైను నంబరుతో సహా అక్షరాల్లోనే పెట్టండి. గ్రూవీ పేరా తీసేయండి, దానికి వేరే వ్యాసం కావాలి.