‘3 నానోమీటర్ల చిప్’లో నిజంగా 3 నానోమీటర్లు ఉండేది ఏది?

సూటిగా చెప్పాలంటే, ఏదీ లేదు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు). 1990ల దాకా చిప్ తరం పేరులోని అంకె ట్రాన్సిస్టర్‌లోని (చిప్‌లో ఉండే అతి చిన్న స్విచ్) గేటు పొడవుకు దాదాపు సరిపోయేది. తర్వాత అది కొలతగా కాక, తరం పేరుగా మిగిలిపోయింది. 3 నానోమీటర్ల తరం చిప్‌లో ఒక గేటు నుంచి పక్క గేటుకు దూరం సుమారు 45–50 నానోమీటర్లు ఉంటుంది. కాబట్టి రెండు కంపెనీల ‘3’లను పక్కపక్కన పెట్టి పోలిస్తే పెద్దగా తెలిసేదేమీ ఉండదు.

అలాగని ఇదంతా ఉత్త ప్రచారమే అనుకోకండి. అసలు మార్పు ఆకారంలో వచ్చింది. గేటు అంటే కరెంటును ఆపి, వదిలే కుళాయి లాంటిది. మరీ చిన్నదైపోయేసరికి, కట్టేసినా కారడం మొదలైంది. అందుకే కరెంటు పారే దారిని పలకలా నిలబెట్టి, గేటు దాన్ని మూడు వైపుల నుంచి పట్టుకునేలా చేశారు. ఇదే ఫిన్‌ఫెట్. ఇంటెల్ 2011లో దీన్ని ప్రకటించింది. ఇప్పుడు ఆ దారిని పలుచని పొరలుగా చేసి, నాలుగు వైపులా గేటుతో చుట్టేస్తున్నారు. శాంసంగ్ 2022లోనే 3 నానోమీటర్ల తరంతో ఈ పద్ధతికి మారింది. తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్ఎంసీ మాత్రం 2 నానోమీటర్ల తరం దాకా ఆగింది.

ఇక ఇంత సన్నని గీతలు గీయాలంటే 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఈయూవీ (ఎక్స్‌ట్రీమ్ అల్ట్రావయొలెట్, కంటికి కనిపించని అతినీలలోహిత) కాంతి కావాలి. ఆ యంత్రాలు తయారుచేసి అమ్ముతున్నది నెదర్లాండ్స్‌కు చెందిన ఏఎస్ఎంఎల్ ఒక్కటే. కరిగిన తగరం బొట్లను సెకనుకు దాదాపు 50,000 చొప్పున లేజర్‌తో కొట్టి ఆ కాంతిని పుట్టిస్తారు (నాకైతే చిప్ కంటే ఇదే పెద్ద వింత!). గాలి కూడా దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి పనంతా శూన్యంలోనే జరగాలి. లెన్సులు పనికిరావు, ప్రత్యేకమైన అద్దాలతోనే మళ్లించాలి.