కుడి–ఎడమ–కిక్ ట్రిప్లెట్ ఫిల్‌లో కిక్ ఆలస్యమైతే

డ్రమ్స్‌లో కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) మూడు సమాన దెబ్బలుగా వేసే ట్రిప్లెట్ ఫిల్‌లో, అంటే మామూలు బీట్ మధ్యలో వేసే చిన్న ముక్కలో, కిక్ ఆలస్యమవుతోందని అడిగారు. సిరిమాను పండగ ప్రోగ్రాంకి పాట వేగం 100 అని కూడా చెప్పారు. మీ కాలు నెమ్మది కాదు. చేతులు రెండూ గబగబా కొట్టేసి కాలు కోసం ఆగుతున్నారు. అందుకే మూడు దెబ్బల మధ్య ఎడం సమానంగా లేదు, ఫిల్ తర్వాత క్రాష్ (గట్టిగా మోగే సింబల్ పళ్ళెం) తర్వాతి బార్ ఒకటో బీట్‌కి అందట్లేదు.

1. మెట్రోనోమ్ (తాళానికి క్లిక్‌లు వేసేది) నిమిషానికి 60లో పెట్టండి. క్లిక్‌కి ఒక ‘తకిట’, నోటితో అంటూ: త కుడి, కి ఎడమ, ట కిక్. చేతులకి ముందున్న స్నేర్ డ్రమ్ము చాలు, మిగతా చిన్న డ్రమ్ములు (టామ్స్) వద్దు.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: కిక్‌ని క్లిక్ మీదకు తెండి. కిక్–కుడి–ఎడమ. కిక్ సరిగ్గా పడితే క్లిక్ వినపడదు, రెండు చప్పుళ్ళు వినిపిస్తే ఇంకా తేడా ఉన్నట్టే. తర్వాత ఎడమ–కిక్–కుడి. మూడు వరసలూ ఒకేలా వినిపించేదాకా వేగం పెంచొద్దు. విసుగొస్తుంది, తప్పదు.

3. ఇప్పుడు మూడు బార్లు (బార్‌కి నాలుగు క్లిక్‌లు) మామూలు బీట్, నాలుగో దాంట్లో నాలుగు తకిటలు, ఆపైన క్రాష్. చివరి ‘ట’ కిక్కే, క్రాష్‌తో మళ్ళీ కిక్కే. బీటర్‌ని (కిక్ పెడల్ సుత్తిని) తోలుకి నొక్కి ఉంచితే రెండోది రాదు, కొట్టగానే వదలండి.

అద్దె ఇంట్లో గోలైతే తొడల మీద చేతులు, నేల మీద పాదం. పాట వేగం 100 కదా, 60 నుంచి నాలుగేసి చొప్పున పెంచండి.