భీమవరంలో ఒక రాత్రి ఆగండి

కార్తీక సోమవారం నాడు అమ్మానాన్నలతో పంచారామాలు ఐదూ ఒక్కరోజులో చూడటం కుదురుతుందా, భీమవరం పక్కన పెదఅమిరంలో ఉన్న జైన గుడికి మనం వెళ్ళొచ్చా అని అడిగారు. రెండోదానికి జవాబు చిన్నది. వెళ్ళొచ్చు, తప్పకుండా వెళ్ళండి. మొదటిదీ కుదురుతుంది, కానీ పెద్దవాళ్ళతో మాత్రం వద్దు. మా మామ్మని అలా తీసుకెళ్ళి నేను బాధపడ్డాను.

మాది వీరవాసరం పక్క పల్లె. ఆ ఏడు ఆదివారం రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి అమరావతి చేరాం. అక్కడి నుంచి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, చివరికి సామర్లకోట. భీమవరం వచ్చేసరికి పదకొండు దాటింది. బస్సువాళ్ళు ఇచ్చింది అరగంట. క్యూలోనే అది కాస్తా అయిపోయింది. మామ్మ సోమేశ్వరుణ్ణి ఒక్క క్షణం చూసి మెట్ల వైపు తిరిగిందో లేదో బయట హారన్ మొదలైంది. గునుపూడి సోమారామంలో కింద స్వామి, ఆయన పైఅంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటారు. ఆ మెట్లెక్కకుండానే మామ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఉపవాసంతో ఉన్న మనిషి, పాలకొల్లులో తొమ్మిది అంతస్తుల గోపురం కింద కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఇంటికొచ్చాక ఒకటే మాట: "అన్నపూర్ణమ్మకి బాకీ పడ్డానురా."

ఆ బాకీ తీర్చడానికి మరుసటి ఏడు పౌర్ణమికి రెండు రోజుల ముందు, జనం తక్కువగా ఉన్నప్పుడు, మేమిద్దరమే వెళ్ళాం. మధ్యాహ్నం ముందుగా పెదఅమిరం వెళ్ళాం. ఊరికి ఆనుకునే ఉంది, ఆటోలో కాసేపే. అక్కడ మూలనాయకుడు, అంటే గుడిలో ప్రధాన దైవం, విమలనాథుడు. జైనులు కొలిచే తీర్థంకరుల్లో పదమూడోవాడు. తోలు బెల్టు, పర్సు బయటే పెట్టేయాలి. విగ్రహాన్ని ముట్టుకోకూడదు, ఫొటో తీసే ముందు అడగాలి. మనం పాటించాల్సింది అంతే.

లోపల ఒకావిడ పీట ముందు కూర్చుని గుప్పెడు బియ్యంతో స్వస్తిక్ దిద్దుతోంది. దాని పైన మూడు చిన్న కుప్పలు పోసింది. ఆ పైన వేలితో నెలవంక గీసి, మధ్యలో మరో చిన్న కుప్ప పెట్టింది. మూడు కుప్పలూ దర్శనం (సరైన నమ్మకం), జ్ఞానం, చారిత్రం (మంచి నడవడి) అనీ, నెలవంక ముక్తి పొందినవాళ్ళుండే సిద్ధశిల అనీ ఓపిగ్గా చెప్పింది. మామ్మ ఆ బియ్యం వంకే చూస్తూ, "మన శివయ్య నెత్తిన ఉన్నదీ ఇదేగా అమ్మా" అంది. ఆవిడ నవ్వి మామ్మ దోసిట్లో కాసిని బియ్యం పోసింది. నాకు పంచారామాలన్నీ ఒక ఎత్తు, ఆ దోసెడు బియ్యం ఒక ఎత్తు.

జైనం మన డెల్టాకి కొత్తగా వచ్చింది కాదండి. తూర్పు చాళుక్య రాజు రెండో అమ్మరాజు (945-970) చామెకాంబ అనే ఆవిడ కోరిక మీద కలుచుంబర్రు అనే ఊరిని ఒక జినాలయానికి, అంటే జైన గుడికి, దానమిచ్చాడు. ఆ రాగి శాసనం దొరికింది. అత్తిలి ప్రాంతంలోని కంచుమర్రే ఆ కలుచుంబర్రు అని చరిత్రకారులు గుర్తించారు. ఆ దానం దేనికనుకున్నారు? గుడికి చెందిన అన్నసత్రం మరమ్మతులకి! సోమారామం కట్టించాడని చెప్పుకునే చాళుక్య భీముడు కూడా ఆ వంశంవాడే. వెయ్యేళ్ళ కిందట ఒకే వంశం శివుడికీ జినుడికీ ఇద్దరికీ పెట్టింది.

కార్తీక పౌర్ణమి కూడా ఇద్దరికీ పెద్ద రోజే. వానాకాలం నాలుగు నెలలూ ఒకేచోట ఉండిపోయిన జైన సాధువులు ఆ పౌర్ణమితో మళ్ళీ నడక మొదలుపెడతారు. గుజరాత్ పాలితానాలో ఆగిన శత్రుంజయం కొండ యాత్ర ఆ రోజే మళ్ళీ మొదలవుతుంది. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు ఆ కొండ బొమ్మ వేసిన పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకుంటారు. మనకేమో చంద్రుడు ప్రతిష్ఠించిన సోమేశ్వర లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా మారుతుందని నమ్మకం. మామ్మ ఆ తెలుపు చూడాలని పౌర్ణమి దాకా ఉందామని పట్టుబట్టింది, ఉన్నాం.

అందుకే నా సలహా: సోమవారమే అని పట్టుపట్టకండి. భీమవరంలో గది తీసుకుని, నాలుగింటికల్లా పెదఅమిరం చూసేయండి. జైనులు పొద్దు వాలకముందే తింటారు, మనం ఉపవాసముంటే నక్షత్రం చూశాక తింటాం, కాబట్టి రెండు గుళ్ళూ ఒకే రోజులో కుదురుతాయి. చీకటి పడేవేళకి సోమారామం కోనేటికి రావచ్చు. అరటి దొప్పలూ వత్తులూ గుడి బయట అమ్ముతారు. మెట్ల మీద నూనె జారి ఉంటుంది, పెద్దవాళ్ళని నీళ్ళ దాకా దిగనివ్వకండి, దొప్ప మీరే వదలండి. పాలకొల్లు మర్నాడు పొద్దున్నే వెళ్ళండి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. ద్రాక్షారామం, సామర్లకోట కలిపి ఇంకో రోజు. అమరావతి వేరే ప్రయాణంగా పెట్టుకోండి.

మామ్మ ఆ సాయంత్రం కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ అన్నపూర్ణమ్మ దగ్గరికి ఎక్కింది. పెదఅమిరంలో ఇచ్చిన బియ్యం కొంగున ముడేసుకుని ఉంది. ఆ ముడి విప్పి అమ్మవారి ముందు పళ్ళెంలో పోసింది.