హెజ్‌బొల్లాని దక్షిణ లెబనాన్ జనం ఎలా చూస్తారు?

"హెజ్‌బొల్లాని అమెరికా ఉగ్రవాద సంస్థ అంటుంది. లెబనాన్ జనమేమో ఓట్లేసి పార్లమెంటుకి పంపిస్తారు. ఇదెలా కుదురుతుంది? అక్కడ ఉండి చూసినవాళ్లు చెప్పండి" అని అడిగారు.

నేను 2013లో అక్కడ ఉన్నాను, ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోని మన బెటాలియన్‌తో. 1998 నుంచి మనవాళ్లు దక్షిణ లెబనాన్‌లో ఉంటున్నారు. క్యాంపు ఇబెల్ ఎస్ సఖీ అనే ఊళ్లో. మన బెటాలియన్‌తో ఒక పశువుల డాక్టరు కూడా వెళ్తారని చాలామందికి తెలియదు. నేను ఆయన దగ్గర కాంపౌండరు లాంటివాణ్ని. ఊరూరా తిరిగి మేకలకీ గొర్రెలకీ మందు పోయడం, కట్లు కట్టడం నా పని. అందుకే పెట్రోలింగ్‌కి వెళ్లేవాళ్లకంటే నాతో జనం ఎక్కువ మాట్లాడారు.

హెజ్‌బొల్లా అంటే ఇరాన్ అండతో పుట్టిన షియా ముస్లింల సాయుధ సంస్థ, పార్టీ కూడా. అక్కడ ఎవరూ ఆ పేరెత్తరు. "షబాబ్" అంటారు, అంటే కుర్రాళ్లు. ఏడాదంతా ఉన్నా వాళ్ల చేతిలో తుపాకీ ఒక్కసారి కూడా నా కంటపడలేదు. ఇజ్రాయెల్‌తో 2006లో జరిగిన యుద్ధం తర్వాత వచ్చిన ఐక్యరాజ్యసమితి 1701వ తీర్మానం ప్రకారం లితానీ నదికీ సరిహద్దుకీ మధ్య లెబనాన్ సైన్యం, మా దళం తప్ప ఎవరి దగ్గరా ఆయుధాలు ఉండకూడదు. కానీ మా బండి మెయిన్ రోడ్డు దిగి ఏదో సందులోకి తిరిగితే చాలు, అయిదు నిమిషాల్లో రెండు మోటార్ సైకిళ్లు వెనక వచ్చేవి. ఆయుధాలు ఎక్కడున్నాయో మాకు చూపించేవాళ్లు కాదు. ఉన్నాయని మాత్రం అప్పుడు ఊరందరికీ తెలుసు.

ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు చెప్పింది మా దుబాసీ. నబతియె దగ్గర పల్లెలో పుట్టిన షియా, పొగాకు రైతు కొడుకు. మాది కొండపి వైపు, మేమూ పొగాకు వాళ్లమే. మేం ఆకు కర్రలకి అల్లి బ్యారన్‌లో కాలుస్తాం, వాళ్లింట్లో ఆడవాళ్లూ పిల్లలూ సూదితో దారానికి గుచ్చి ఎండకి ఆరేస్తారు. మా స్నేహం అక్కడ మొదలైంది.

దక్షిణాది షియాలు అప్పట్లో లెబనాన్‌లో బాగా పేదవాళ్లు. బీరూట్ ప్రభుత్వానికి వాళ్లు పట్టేవాళ్లు కాదు. డెబ్బైలలో మూసా సద్ర్ అనే మత పెద్ద వాళ్లని కూడగట్టాడు, అమల్ పార్టీ అలా పుట్టింది. ఆ రోజుల్లో పాలస్తీనా గెరిల్లాలు వాళ్ల పొలాల్లోంచి ఇజ్రాయెల్ మీద దాడులు చేసేవాళ్లు, తిరిగొచ్చే బాంబులు ఈ పల్లెల మీద పడేవి. అందుకే 1982 జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం వచ్చి గెరిల్లాలని తరిమితే, పీడ విరగడైందని అనుకున్నవాళ్లు షియాల్లోనే చాలామంది. కానీ వచ్చిన సైన్యం కదల్లేదు. 1983 అక్టోబర్ 16న నబతియెలో అషూరా ఊరేగింపు జరుగుతుంటే ఆ జనం మధ్యలోంచి ఇజ్రాయెల్ బళ్లు దూసుకుపోబోయాయి. గొడవైంది, కాల్పులయ్యాయి. మా దుబాసీ అప్పుడు ఆ గుంపులో ఉన్న కుర్రాడు.

అది వింటుంటే నాకు మా ఊరి పీర్ల చావిడి గుర్తొచ్చింది. అషూరా అంటే మన పీర్ల పండుగ పదోరోజే కదా. మేం హిందువులం, అయినా ఆ రోజు గుండం చుట్టూ ఊరంతా ఉంటాం. ఆ మధ్యలోకి పరాయి సైన్యం జీపులు వస్తే మా ఊరు ఊరుకునేదా?

ఆ కోపానికి ఆయుధం అందించింది ఇరాన్. 1982లోనే వాళ్ల ప్రత్యేక సైన్యం రివల్యూషనరీ గార్డులు బెకా లోయలో, బాల్‌బెక్ దగ్గర దిగి శిక్షణ ఇచ్చారు. 1985లో హెజ్‌బొల్లా బహిరంగంగా తన పేరు ప్రకటించుకుంది. 2000 మేలో ఇజ్రాయెల్ వెనక్కి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్లు ఎవరూ చేయలేని పని షబాబ్ చేశారని దక్షిణాది నమ్మకం. దానికి తోడు ఆస్పత్రులు, బడులు, బంగారం కుదువ పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పిచ్చే అల్ ఖర్ద్ అల్ హసన్. దుబాసీ భార్య గాజులు అక్కడే ఉండేవి. ఓట్లెందుకు పడతాయో దీంతో మీకు అర్థమవుతుంది.

అలాగని షియాలంతా ఒకటే అనుకోకండి. 1988 నుంచి 1990 దాకా అమల్, హెజ్‌బొల్లా ఒకరినొకరు చంపుకున్నారు. మా దుబాసీ ఇంట్లో అన్న ఒక జెండా, తమ్ముడు ఇంకో జెండా.

ఇక నేను కళ్లారా చూసిన సంగతి. నేనున్న ఏడాదే హెజ్‌బొల్లా సిరియా యుద్ధంలోకి బాహాటంగా దిగింది. జూన్‌లో సిరియా అధ్యక్షుడు అసద్ సైన్యంతో కలిసి అక్కడి ఖుసైర్ పట్టణం పట్టుకున్నారు. షియా ఊళ్లలో కరెంటు స్తంభాలకి అక్కడ చచ్చిపోయిన కొత్త కుర్రాళ్ల ఫోటోలు వేలాడటం మొదలైంది. మీసం సరిగా రాని మొహాలు. అదే సమయంలో మా సెక్టారులోని షెబా అనే సున్నీ ఊరికి సిరియా నుంచి కొండ దాటి కుటుంబాలకి కుటుంబాలే వచ్చేశాయి, పసిపిల్లల్ని వీపున కట్టుకుని. షెబాలో మేకలకి మందు పోస్తుంటే ఒక ముసలాయన అన్నాడు: "2006లో ఆ కుర్రాళ్ల కోసం నా భార్య రొట్టెలు కాల్చింది. ఇప్పుడు వాళ్లు తరిమినవాళ్లకి కాలుస్తోంది." నా మటుకు హెజ్‌బొల్లా గురించి ఇంతకంటే నిజమైన మాట వినలేదు. ఆక్రమణని ఎదిరించడానికి పుట్టిన సంస్థ, పక్క దేశంలో ఒక నియంత గద్దె నిలబెట్టడానికి పల్లెటూరి పిల్లల్ని పంపింది. అంతకుముందు 2008 మేలో బీరూట్ వీధుల్లో సాటి లెబనాన్ వాళ్ల మీదే తుపాకీ తిప్పింది. దీన్ని ప్రతిఘటన అనడానికి నా మనసు ఒప్పుకోదు.

యుద్ధమా శాంతా అనేది ఒక పార్టీ చేతిలో ఉండటమే అసలు ప్రమాదం. 2006లో సరిహద్దు దాటి ఇద్దరు ఇజ్రాయెల్ సైనికుల్ని ఎత్తుకెళ్లారు. 34 రోజుల యుద్ధంలో వెయ్యిమందికి పైగా లెబనాన్ వాళ్లు పోయారు. ఇంత జరుగుతుందని తెలిస్తే ఆ పని చేసేవాళ్లం కాదని హెజ్‌బొల్లా నాయకుడు నస్రల్లానే తర్వాత టీవీలో అన్నాడు. ఆ యుద్ధం చివరి మూడు రోజుల్లో ఇజ్రాయెల్ కుమ్మరించిన క్లస్టర్ బాంబుల్లో పేలనివి పొలాల్లో ఉండిపోయాయి. ఏడేళ్ల తర్వాత కూడా వాటి వల్ల కాలు పోయిన మేకకి నేను కట్టు కట్టాను.

మళ్లీ అదే జరిగింది. 2023 అక్టోబర్ 8న గాజాకి మద్దతుగా, ఇజ్రాయెల్ చేతిలో ఉన్న షెబా పొలాల వైపు హెజ్‌బొల్లావాళ్లు రాకెట్లు వేశారు. దేశాన్ని అడగలేదు. 2024 సెప్టెంబర్‌లో హెజ్‌బొల్లావాళ్ల దగ్గరున్న పేజర్లు పేలాయి, 27న ఇజ్రాయెల్ దాడిలో నస్రల్లా పోయాడు. డిసెంబర్‌లో ఏ అసద్ కోసం ఆ కుర్రాళ్లు చచ్చిపోయారో ఆ అసద్ పారిపోయాడు.

అదే ఏడాది నవంబర్ 27న కాల్పులు ఆగిన పొద్దున్నే మా దుబాసీ ఊరికి బయల్దేరాడు. సగం ఇల్లే మిగిలింది. ఆకు గుచ్చే సూదుల డబ్బా మాత్రం దొరికిందట. 2006లో ఇల్లు కూలినప్పుడు కొన్ని వారాల్లోనే పార్టీవాళ్లు నోట్ల కట్టలు తెచ్చి చేతిలో పెట్టారు. ఈసారి పార్టీ దగ్గరా లేవు, ప్రభుత్వం దగ్గరా లేవు అన్నాడు. తర్వాత వేసవిలో మెసేజ్ పెట్టాడు: ఒక గదికి తనే కప్పు వేసుకున్నాడట.