మృదంగం నేర్చుకున్న పిల్లాడికి హ్యాండ్‌పాన్ కొనొచ్చా?

మీరు వీడియోలో చూసిన, రెండు మూకుళ్లు మూతికి మూతి అతికించినట్టున్న ఆ స్టీల్ వాయిద్యం హ్యాండ్‌పానే. మృదంగం వచ్చిన మీ అబ్బాయికి కొనిపెట్టొచ్చా అని అడిగారు. నేను ఘటం వాయిస్తూ దీనివైపు వచ్చినవాణ్ణి. కొనండి, కానీ తాళవాద్యం అనుకుని మాత్రం కొనకండి. ఇది చేత్తో వాయించే స్వరవాద్యం.

అసలు దీని పుట్టుకలోనే మన ఘటం ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ అప్పటికే ట్రినిడాడ్ తరహా స్టీల్‌పాన్లు (పుల్లలతో వాయించే స్టీల్ వాయిద్యాలు) చేస్తుండేవారు. ఘటం వాయించే రేటో వెబర్ అనే స్విస్ కళాకారుడు, అలాగే చేత్తో వాయించేది, స్వరాలు కూడా పలికేది స్టీల్‌తో కావాలని అడిగారు. 2000లో వాళ్లు తయారుచేసిన ఆ వాయిద్యం పేరు హాంగ్. 2013లో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి వేరేవాళ్లు చేసే హ్యాండ్‌పాన్లు.

ఎక్కువగా దొరికే స్కేల్, అంటే స్వరాల వరస, డి కుర్డ్. డి అనే పాశ్చాత్య స్వరాన్ని షడ్జమం (స) అనుకుంటే అవన్నీ నఠభైరవి రాగం స్వరాలే. తొమ్మిది స్వరాల పాన్‌లో నడుమ బుడిపె మీద కింది స ఉంటుంది. ఆ తర్వాత నేరుగా ప! కింది రి, గ, మ ఉండవు. ప నుంచి పై ప దాకా మిగతావి చుట్టూ కుడీ ఎడమలుగా అమర్చి ఉంటాయి. గమకం సంగతి మర్చిపోండి, స్వరం ఊగదు. కీర్తనలు వాయించాలని ఉంటే వయొలిన్ కొనిపెట్టడం మేలు.

మృదంగం చేతికి మొదట అడ్డొచ్చేది బలమే. వేలి కండతో తాకించి, వేడి పెనం తగిలినట్టు వెంటనే తీసేయాలి. వేలు అక్కడే ఉంటే నాదం చచ్చిపోతుంది. గట్టిగా కొడితే రేకు మోత వస్తుంది, పోనుపోను శ్రుతి కూడా తప్పుతుంది. ఇంట్లో సరిచేసుకునేది కాదు, తయారుచేసినవాళ్లే సుత్తితో మళ్లీ శ్రుతి చేయాలి. కానీ మృదంగం లెక్కలు మాత్రం బాగా పనికొస్తాయి. ఖండ నడకలో, అంటే దెబ్బకు ఐదు అక్షరాల చొప్పున, నాలుగు స్వరాలు వరసగా తిప్పమనండి. ప్రతి తాళం దెబ్బకూ మొదటి స్వరం మారిపోతుంది. గిటార్ నుంచి వచ్చినవాళ్లు దీనికి తంటాలు పడతారు, మీవాడికి మంచినీళ్ల ప్రాయం.

ఆన్‌లైన్‌లో ఐదారు వేలకు హ్యాండ్‌పాన్ అని కనిపిస్తే ఫొటో పెద్దది చేసి చూడండి. రేకులో నాలుకల్లా కోతలు ఉంటే అది టంగ్ డ్రమ్. చెడ్డదేం కాదు గానీ, వేరే వాయిద్యం. హ్యాండ్‌పాన్‌లో కోతలుండవు, గుంటలే ఉంటాయి. మాది విశాఖ, సముద్రపు గాలికి తుప్పు భయం. వాయించాక పొడిగుడ్డతో చెమట తుడిచి, అప్పుడప్పుడు పలచగా నూనె రాస్తాను. ఎండలో కారులో వదిలేయకండి. డబ్బు కట్టేముందు, శ్రుతి తప్పితే మళ్లీ చేసిపెడతారా, పంపే ఖర్చు ఎవరిదో అడిగి తేల్చుకోండి.