డబ్బా పాలు తాగితే ఆటిజం వస్తుందా?

డబ్బా పాల వల్ల ఆటిజం వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. ఆటిజం ఉన్న పిల్లలు తల్లిపాలు తక్కువ కాలం తాగినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించిన మాట నిజమే. కానీ ఏది ముందు, ఏది వెనక అన్నదే అసలు చిక్కు. ఆటిజం చాలావరకు జన్యువులతో ముడిపడింది. మెదడులో ఆ తేడాలు బిడ్డ కడుపులో ఉండగానే మొదలవుతాయి. అలాంటి పసివాళ్లలో కొందరు రొమ్ము సరిగా పట్టలేరు. విసిగిపోయిన తల్లి డబ్బా అందుకుంటుంది. అంటే పాలు మారడం కారణం కాక, తొలి సూచనే అయి ఉండొచ్చు.

అమెరికా లెక్క చూడండి. 1970ల మొదట్లో అక్కడ తల్లిపాలు తాగినవాళ్లు నలుగురిలో ఒకరు. ఇప్పుడు 80 శాతం పైనే పిల్లలకు తల్లిపాలు మొదలుపెడుతున్నారు. అయినా ఎనిమిదేళ్ల పిల్లల్లో ఆటిజం గుర్తింపు 2000లో 150 మందికి ఒకరుంటే, 2022లో 31 మందికి ఒకరు. డబ్బాయే దోషి అయితే ఈ అంకె తగ్గాలి కదా! పెరగడానికి ముఖ్య కారణాలు నిర్వచనం విస్తరించడం, చిన్నప్పుడే పరీక్షించడం.

ఇక పాలు, గోధుమ మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. అలా తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలు తప్ప ముట్టని పిల్లాడికి అవీ మాన్పిస్తే కాల్షియం కొరత వచ్చే ప్రమాదం మాత్రం ఉంది.