23 ఏళ్లకే రిటైర్‌మెంటా? మైనర్ లీగ్ వదిలేస్తానంటున్న కొడుకు గురించి ఒక తండ్రి బెంగ

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. అబ్బాయి ఇక్కడే పుట్టాడు. హైస్కూల్లో మంచి బేస్‌బాల్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. 2021లో కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, చివరి రౌండ్లలో ఒక క్లబ్బు తీసుకుని 1,25,000 డాలర్ల బోనస్ ఇచ్చింది. కాలేజీ సీటు వదులుకుని సంతకం చేశాడు. ఇన్నేళ్లలో మేజర్ లీగ్ కింద ఉండే మైనర్ లీగుల్లో మధ్య మెట్టయిన హై-ఏ స్థాయి దాటలేదు. మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తది కట్టే టామీ జాన్ ఆపరేషన్ రెండోసారి అయింది. ఇప్పుడు 23 ఏళ్లు. “నాన్నా, ఇక రిటైర్ అయిపోతా” అంటున్నాడు. పిచర్ కుమార్ రాకర్ ఇదే ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చాడు కదా, వీడెందుకు రాలేడు? ఇన్నేళ్లూ బూడిదలో పోసిన పన్నీరేనా? ఇప్పుడు స్పోర్ట్స్ అనలిటిక్స్ (ఆటల గణాంకాల విశ్లేషణ) మంచిదా, కంప్యూటర్ సైన్సా, కోచింగా? మా అన్నయ్య కొడుకుదీ వీడి వయసే, ఉద్యోగంలో స్థిరపడ్డాడు. వీడి బోనస్‌తో షాద్‌నగర్ దగ్గర రెండు ప్లాట్లు కొన్నాం. ఏం చేయమంటారు?

జవాబు:

మీరు అడిగినవి చాలా ఉన్నాయి గానీ మీ భయం ఒక్కటే: ఆట పోయాక వీడు ఎందుకూ కొరగాకుండా పోతాడేమోనని. అలా ఏమీ పోడు. రిటైర్‌మెంట్ అనగానే మనకు అరవై ఏళ్ల వయసు, శాలువా, పింఛను గుర్తొస్తాయి. బేస్‌బాల్లో అదే మాట 23 ఏళ్ల కుర్రాడికీ వాడతారు. మైనర్ లీగుల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడకుండానే ఇంటికొస్తారు. 2021లో మేజర్ లీగ్ క్లబ్బులకు అనుబంధంగా ఉండే మైనర్ జట్లను 120కి కుదించారు. ఒక్కో క్లబ్బు అమెరికాలో అట్టేపెట్టుకోగల మైనర్ ఆటగాళ్ల పరిమితి 2024 నుంచి 165కి తగ్గింది. ఏటా జులైలో 20 రౌండ్ల డ్రాఫ్టులో కొత్తవాళ్లు వచ్చి పడుతుంటే పాతవాళ్లు ఖాళీ చేయక తప్పదు. దీన్ని మీవాడి ఓటమిగా లెక్కేయకండి.

రాకర్ సంగతి చెప్తాను. 2022లో మేజర్ లీగ్ క్లబ్బు టెక్సస్ రేంజర్స్ అతన్ని మొత్తం డ్రాఫ్టులో మూడోవాడిగా తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. 2023 మేలో ఆపరేషన్, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్ అరంగేట్రం. అంత పెట్టుబడి పెట్టిన పిచర్ కోసం క్లబ్బు ఎన్నాళ్లయినా ఆగుతుంది. చివరి రౌండ్లలో తీసుకున్నవాడికి ఆ ఓపిక దొరకదు. పైగా మీవాడిది రెండోసారి. అదే చోట మళ్లీ ఎముకకు రంధ్రం చేసి కొత్త లిగమెంట్ కట్టిన చేయి మునుపటి వేగానికి చేరే అవకాశం మొదటిసారి కంటే తక్కువ. రోజూ ఆ చేతితో బంతి విసిరి చూసుకుంటున్నది మీవాడు. వాడి మాట నమ్మండి.

ఇక తొందరపడి చేయకూడని పని. రిహాబ్ (ఆపరేషన్ తర్వాత కోలుకునే చికిత్స) నడుస్తుండగా రిటైర్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టొద్దు. బయటికి రావడానికి రెండు దారులున్నాయి. తనంతట తనే రాసిచ్చి వస్తే స్వచ్ఛంద విరమణ జాబితాలో వేస్తారు. జీతం ఆగిపోతుంది, అతని మీద హక్కు మాత్రం క్లబ్బు దగ్గరే ఉండిపోతుంది. రేపు చెయ్యి బాగుపడి, మేజర్ లీగ్ క్లబ్బులతో సంబంధం లేని ఇండిపెండెంట్ లీగులో ఒక సీజన్ ఆడదామనిపించినా ఆ క్లబ్బు వదిలితేనే కుదురుతుంది. అదే క్లబ్బు రిలీజ్ చేస్తే ఏ బంధం లేకుండా బయటపడతాడు. అందుకే ముందు రిలీజ్ అడగాలి, నోటిమాటగా కాదు, ఈమెయిల్లో.

ఆటలో తగిలిన గాయానికి వైద్యం క్లబ్బు బాధ్యత. దానికి వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో తగిలిన గాయాలకిచ్చే పరిహారం) కూడా వర్తిస్తుంది. గడువులూ నియమాలూ రాష్ట్రాన్నిబట్టి మారతాయి కాబట్టి, ఏ రాష్ట్రంలో ఆడుతుండగా దెబ్బ తగిలిందో రాసుకుని ఆ కేసులు చూసే లాయరుకు సంతకానికి ముందే చూపించండి. బయటికొచ్చే ముందు వైద్య పరీక్ష చేయమని అడగాలి. రెండు ఆపరేషన్ల రిపోర్టులు, ఎమ్మారై డిస్కులు, రిహాబ్ నోట్సు కాపీలు తీసుకోవాలి. 40 ఏళ్లకు ఆ మోచెయ్యి పట్టేసినప్పుడు డాక్టరు మొదట అడిగేవి అవే. 2022 సెప్టెంబరు నుంచి మైనర్ లీగ్ ఆటగాళ్లు కూడా ఆటగాళ్ల యూనియన్ అయిన ప్లేయర్స్ అసోసియేషన్ సభ్యులే. ఫోన్ చేసి సలహా అడిగే హక్కు అతనికుంది. 26 ఏళ్లు నిండేదాకా మీ ఆఫీసు ఇన్సూరెన్సులో ఉంచుకోవచ్చు గానీ, క్లబ్బు కవరేజీ ఆగిన 30 రోజుల్లోపే మీ హెచ్ఆర్‌కు చెప్పాలి. చాలా ఇళ్లలో ఈ ఒక్క గడువే జారిపోతుంది. తర్వాత ఏటా ఒకసారి వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా పిల్లవాణ్ని మీ ఆఫీసు ప్లాన్‌లో చేర్చడం కుదరకపోవచ్చు.

మేజర్ లీగ్ పింఛనుకు 43 రోజుల సర్వీసు కావాలి. ఆ ఆశ చూపించి ఇంకో ఏడాది లాగమనకండి. హై-ఏలో 2023 ఒప్పందం ప్రకారం ఏడాదికి 27,300 డాలర్లు. అంతకుముందు 11,000 ఉండేది. పెరిగింది నిజమే, కానీ దాన్ని నమ్ముకుని జీవితాన్ని వాయిదా వేయలేం.

ఇప్పుడు బీరువా తెరిచి 2021 ఒప్పందం తీయండి. హైస్కూల్ నుంచి వచ్చినవాళ్లకు చాలా క్లబ్బులు కాలేజీ స్కాలర్‌షిప్ అనుబంధం జత చేస్తాయి: ఇన్ని సెమిస్టర్లు, సెమిస్టరుకు ఇంత. అది ఉంటే, ఆట ఆపిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టాలి. దాటితే ఆ డబ్బు పోయినట్టే. “కాస్త ఊపిరి పీల్చుకుంటా” అని ఒక ఏడాది, చిన్న ఉద్యోగంలో ఒక ఏడాది గడిపి పోగొట్టుకోకూడదు. ఇంకో మెలిక ఉంది. సెమిస్టర్ల లెక్కన రాసి ఉంటే, ఫీజు తక్కువుండే కమ్యూనిటీ కాలేజీలో వాడిన సెమిస్టరు కూడా ఒక పూర్తి సెమిస్టరుగా తరిగిపోవచ్చు. మొదటి ఏడాది సొంతంగా కట్టుకుని, ఖరీదైన సెమిస్టర్లకు దాన్ని దాచుకోవచ్చా, అలా చేస్తే రెండేళ్ల గడువు ఏమవుతుంది అని క్లబ్బును రాతపూర్వకంగా అడగండి. కాలేజీ ఆర్థిక సహాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు నింపేటప్పుడు పుట్టినతేదీ చూసుకోండి. ఆ సహాయ సంవత్సరం మధ్యలో వచ్చే జనవరి 1కి ముందే 24 నిండితే అతను స్వతంత్రుడు, మీ ఆదాయం లెక్కలోకి రాదు.

స్పోర్ట్స్ అనలిటిక్స్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆట మానేసిన ప్రతి పిల్లవాడికీ ఇప్పుడు ఈ దారే చూపిస్తున్నారు. ఉదాహరణగా చెప్పే పేర్లు చూడండి. మీ పక్కనే రేంజర్స్‌ను నడిపిస్తున్న క్రిస్ యంగ్ ప్రిన్స్‌టన్‌లో చదివాడు. 2023 అక్టోబరులో రెడ్ సాక్స్ పగ్గాలు అందుకున్న క్రెయిగ్ బ్రెస్లో యేల్‌లో మాలిక్యులర్ బయోఫిజిక్స్, బయోకెమిస్ట్రీ చదివాడు. ఫిలీస్ జనరల్ మేనేజర్‌గా చేసిన శామ్ ఫుల్డ్ స్టాన్‌ఫర్డ్. ముగ్గురికీ మేజర్ లీగ్ అనుభవం ఉంది, అంతకుముందే గట్టి డిగ్రీ ఉంది. ‘స్పోర్ట్స్ అనలిటిక్స్’ అని పేరున్న కోర్సు చదివి ఆ కుర్చీల్లోకి వచ్చినవాళ్లు కాదు.

మేజర్ లీగ్ క్లబ్బులు మొత్తం 30. 2015లో బంతి కదలికల్ని కొలిచే స్టాట్‌కాస్ట్ వ్యవస్థ వచ్చాక ప్రతి క్లబ్బులోనూ విశ్లేషకుల విభాగం పెరిగిన మాట నిజం. కానీ అక్కడ అడిగేవి స్టాటిస్టిక్స్, ఎస్‌క్యూఎల్, ఆర్ లేదా పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు. ఇవి మామూలు గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ విభాగాల్లోనే లోతుగా చెప్తారు. పేరులోనే ఆట ఉన్న డిగ్రీతో ఆ 30 తలుపులూ తెరుచుకోకపోతే బ్యాంకో ఆసుపత్రో ఆ పట్టా చూసి ఆలోచనలో పడతాయి. స్టాటిస్టిక్స్ డిగ్రీకి ఆ ఇబ్బంది లేదు. ఇక మీవాడి దగ్గర తరగతిలో దొరకనిది ఒకటుంది. స్లైడర్ అనే రకం బంతి తిరుగుడు ఎందుకు తగ్గిందో తెర మీది అంకె చూసి, అది వేలి పట్టులో తేడానా, అలసటా అని చెప్పగలడు. కోచ్ భాష, లెక్కల భాష రెండూ వచ్చినవాళ్లు ఎక్కడైనా తక్కువే. ఆ విలువ నిలబడాలంటే లెక్కల భాష నిజంగా రావాలి.

కోచింగ్ చెడ్డది కాదు. పిల్లలకు పాఠాలు చెప్పి వారాంతాల్లో సంపాదించుకోవచ్చు, చదువుకుంటూనే. కానీ స్థిరమైన కోచ్ ఉద్యోగానికి, అంటే టెక్సస్ పబ్లిక్ స్కూల్లో టీచర్‌గా ఉంటూ కోచింగ్ చేయడానికైనా, కాలేజీ జట్టుకైనా, డిగ్రీ అడుగుతారు. కంప్యూటర్ సైన్స్ గురించి మీకు నేను చెప్పేదేముంది, ఫ్రిస్కోలో ప్రతి వీధిలో చెప్పేవాళ్లున్నారు.

మీరు మూడు దారుల్ని పోల్చమన్నారు. మూడూ ఒకే గుమ్మంలోంచి వెళ్తాయి కాబట్టి ఇప్పుడే ఎంచుకోనక్కర్లేదు. మీ దగ్గరి కమ్యూనిటీ కాలేజీ అయిన కాలిన్ కాలేజీలో మొదలుపెట్టండి. టెక్సస్ కోర్ కరిక్యులమ్ (ఏ డిగ్రీకైనా చదవాల్సిన మూల కోర్సులు) 42 క్రెడిట్లు ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీలన్నీ ఒప్పుకుంటాయి. తర్వాత యూటీ డాలస్‌కు మారొచ్చు. మొదటి సెమిస్టరు 12 క్రెడిట్లు చాలు, ఫుల్‌టైమ్ కింద లెక్కే. అందులో గణితం కోర్సు ఒకటికి మించకూడదు. ఇన్నేళ్ల విరామం తర్వాత నేరుగా క్యాల్క్యులస్, ప్రోగ్రామింగ్, ఫిజిక్స్ కలిపి 16 క్రెడిట్లు నెత్తిన పెట్టుకున్నవాళ్లే మొదటి మిడ్‌టర్మ్‌కు డీలా పడతారు. ముందు ప్రీక్యాల్క్యులస్ తిరగేయాలి. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి ఉంటే ఆ స్కోర్లు కాలేజ్ బోర్డు నుంచి తెప్పించి, ఏవి క్రెడిట్లుగా చెల్లుతాయో అడగండి.

ఇప్పుడు మీకు ఒక మాట. “బూడిదలో పోసిన పన్నీరు” అని ఉత్తరంలో రాశారు. దయచేసి అది అతని ముందు అనకండి. 18 ఏళ్లకే సొంతంగా సంపాదించి, పన్ను కట్టి, పరాయి ఊళ్లో బతికి, ఒకసారి చెయ్యి కోయించుకుని మళ్లీ మైదానంలోకి దిగి, రెండోసారీ కోయించుకున్న పిల్లవాడు. మీ అన్నయ్య కొడుకు ఉద్యోగం గురించి భోజనాల దగ్గర ఇంకెత్తొద్దు. రోజు రోజంతా క్లబ్బు షెడ్యూలు ప్రకారం నడిచినవాడికి ఒక్కసారిగా పొద్దున ఏ పనీ ఉండదు, జట్టు గ్రూపులో మెసేజ్‌లు ఆగిపోతాయి. మొదటి మూడు నాలుగు నెలలు పగలు నిద్ర, చిరాకు, మౌనం కనిపిస్తే బద్ధకం అనుకోకండి. అవి తగ్గకుండా పెరుగుతుంటే కౌన్సిలర్‌కు చూపించండి. బతకాలని లేదన్న మాట వినపడితే ఆ క్షణమే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

మిగతా తల్లిదండ్రులకు ఒక సంగతి: మీ పిల్లవాడు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉంటే పని చేసే అనుమతి ఉండదు. డ్రాఫ్టయినా ఆడాలంటే క్లబ్బు క్రీడాకారులకిచ్చే పీ-1 లాంటి వీసా తీయించాలి. ఆ వీసా ఆటకు ముడిపడింది, ఆట ఆగితే దేశంలో ఉండే హక్కుకే ప్రశ్న వస్తుంది. సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

చివరగా ఆ ప్లాట్లు. ఎవరి పేరున రిజిస్టర్ అయ్యాయో మీరు రాయలేదు. మీ పేరున ఉంటే అది తప్పు, సరిదిద్దండి. డబ్బు అతని భుజం సంపాదించింది. షాద్‌నగర్ ధర పెరుగుతుందని మీరు ఆగుతుంటే, ఇక్కడ అతను విద్యారుణం తీసుకోవాల్సి రావచ్చు. పత్రాలు అతని ముందు పెట్టి, స్కాలర్‌షిప్ అనుబంధం పోను ఎంత తక్కువ పడుతుందో, ఒక ప్లాటు అమ్మితే సరిపోతుందో లేదో ఇద్దరూ కూర్చుని చూడండి. అమ్మాలా వద్దా అన్నది అతన్నే తేల్చుకోనివ్వండి.